పికప్‌కు ఎన్ని అర్థాలు

4, సోమవారం

ఇందుమూలముగా ఈ ఇంటిలోని సమస్త కుర్చీలకు, బల్లలకు, చెంచాలకు, గోడ గడియారమునకు తెలియజేయడమేమనగా: ఇల్లాలు గత గురువారం నాడు తన అక్కగారింటికి తరలిపోయిన కారణమున, నేటి నుండి రెండు గదులు, ఒక వంటిల్లు, ఒక స్నానాలగది మీద సర్వాధికారములు నా చేతికి వచ్చినవి. తడి తువ్వాలు మంచం మీద పడవేయుట ఇకపై నేరము కాదు. టూత్‌పేస్టును నడుము దగ్గర నొక్కుట పౌరుని జన్మహక్కు. అలమరలో ఆవిడ బట్టలున్న అర మాత్రము ఎవరూ తెరవరాదు. ఈ ఆజ్ఞను ఉల్లంఘించినవారు కఠినముగా...

ఉల్లంఘించడానికి ఎవరున్నారు గనక.

పెద్ద గొడవేం కాదు. కంటాసుపత్రి దగ్గర చిన్న సరదా చేశాను. ఆవిడకు అందులో సరదా కనిపించలేదు. ఇరవై రెండేళ్ళు నాతో కాపురం చేసి ఇంకా సరదా అంటే ఏమిటో తెలియని మనిషిని ఏమనాలి?

ఈ నోటుబుక్కు లాండ్రీలో ఉచితంగా ఇచ్చారు, ఇంగ్లీషు క్లాసు కోసం. ముందు నుంచి ఇంగ్లీషు, వెనక నుంచి ఇది. ఎవరైనా తెరిచినా ఇంగ్లీషే కనబడుతుంది, భయపడి మూసేస్తారు.

5, మంగళవారం

మా లాండ్రీకి పెద్ద హోటలు పని వచ్చింది. అక్కడ దిగేవాళ్ళందరూ ఇంగ్లీషులోనే మురికి చేసుకుంటారట. అందుకని యజమాని ఒక టీచరమ్మని పెట్టాడు. రోజూ భోజనాల తర్వాత గంటసేపు. పదిహేను రోజుల తర్వాత పరీక్ష. ఎవరికి బాగా వస్తే వాళ్ళకు ముందు గదిలో కౌంటరు. అక్కడ ఏసీ ఉంటుంది, ఆవిరి ఉండదు.

నాది జేబుల బల్ల. ఉతకడానికి వచ్చిన ప్రతి చొక్కా, ప్యాంటు, కోటు ముందు నా దగ్గరికే వస్తుంది. జేబులు తిరగేసి ఉన్నది తీసి కవర్లో వేసి, నంబరు రాసి, బట్టతో పాటు తిరిగి పంపాలి. ఈ ఊళ్ళో ఎవడి బతుకు ఏమిటో నాకు తెలిసినంతగా వాడి పెళ్ళానికి తెలియదు. అప్పుడప్పుడు ఖాళీ జేబు చూస్తే జాలేసి నేనే ఒక చీటీ రాసి పెడతాను. "ఈ చొక్కా మీకంటే మర్యాదగా ప్రవర్తించింది." ఇలాంటివి. పదకొండేళ్ళలో రెండుసార్లే పట్టుబడ్డాను.

టీచరమ్మ చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయేమో. కానీ మొండిది. వ్యాకరణం చెప్పదట. ఒక్కొక్కరికి ఒక్కో మాట పంచింది, దానికి ఎన్ని అర్థాలున్నాయో అన్నీ పట్టుకు రమ్మంది. ఇస్త్రీ మాస్టారికి గివప్. మడతల అక్కకి పుటప్. మరకలు తీసే మామకి కమౌట్.

"మరక కమౌట్," అని లేచి నిలబడ్డాడు మామ. "నాది అయిపోయింది. ఇంటికి వెళ్ళొచ్చా?"

"కూర్చోండి మావయ్యా. నిజం కూడా కమౌట్ అవుతుంది. సూర్యుడు కూడా అవుతాడు."

"సూర్యుడు నా డిపార్టుమెంటు కాదమ్మా."

నాకు పికప్ ఇచ్చింది.

"నాకిది ముందే తెలుసండీ," అన్నాను. "మా స్కూటరుకి అదే లేదు."

అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. "అదీ ఒకటే. రాసుకోండి. ఇంకా బోలెడున్నాయి. ఒక్కటే షరతు. డిక్షనరీలోంచి దింపొద్దు. ప్రతి అర్థానికీ మీకు నిజంగా జరిగినదాన్నే వాక్యంగా రాయాలి. నిజంగా జరిగింది."

ఈ వయసులో నిజం రాయమంటే ఎలా?

6, బుధవారం

ఫోన్ చేశాను. ఎత్తలేదు.

7, గురువారం

కింద పడ్డ వస్తువును ఎత్తడం పికప్. తువ్వాలు నేల మీద ఉంది. నేను పికప్ చేయలేదు. (వాక్యం రెడీ.)

ఎవరూ నేర్పకుండా ఏదైనా ఒంటబట్టించుకోవడం కూడా పికప్పే. మా ఆవిడ నా అబద్ధాలను పట్టుకోవడం అలాగే నేర్చుకుంది, పెళ్ళయిన నెల లోపలే. ఏ బడికీ వెళ్ళలేదు.

జలుబు తగిలించుకోవడమూ పికప్పే. జబ్బు చేసి కోలుకోవడమూ పికప్పే. పట్టుకోవడానికీ, వదిలించుకోవడానికీ ఒకే మాట! ఈ భాషను తయారు చేసినవాడు నాలాంటివాడే అయి ఉండాలి. మనుషులు కంగారు పడుతుంటే చాటు నుంచి చూసి నవ్వుకునే రకం.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మరీ ఇంత పంతమా?

9, శనివారం

మధ్యాహ్నం వదిన వచ్చింది. వదిన అంటే మా ఆవిడ అక్క. గుమ్మం బయటే నిలబడి అర తెరవమంది, మా ఆవిడ బట్టలు తీసుకెళ్ళడానికి. నా ఆజ్ఞను మొదట ఉల్లంఘించిన వ్యక్తి.

"ఎలా ఉంది వదినా?"

"ఎవరు?"

"కన్ను."

"కన్ను బాగానే ఉంది. మనిషి సంగతి అడగరేం?"

"అడిగితే చెప్తారా?"

"చెప్పను." లోపలికి వచ్చి నాలుగు జతలు సంచిలో పెట్టుకుంది. వంటింట్లోకి తొంగి చూసి ముక్కు మూసుకుంది. "మీ లాండ్రీలో ఉతికే మెషిన్లు ఎంత పెద్దవి?"

"మనిషి పట్టేంత."

"మరి దిగండి ఒకసారి."

అంది, వెళ్ళిపోయింది. ఆవిడకు నోరు ఎక్కువ. మా ఆవిడకు తక్కువ. అక్కాచెల్లెళ్ళు వాటా పంచుకోవడంలో పొరపాటు జరిగింది.

రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

11, సోమవారం

మనిషిని వెళ్ళి ఎక్కించుకు రావడం కూడా పికప్. బడి నుంచి పిల్లల్ని, స్టేషను నుంచి చుట్టాల్ని. ఆసుపత్రి నుంచి కూడానట. టీచరమ్మే ఉదాహరణ చెప్పింది. కావాలని చెప్పిందనుకోను.

ఇంగ్లీషు పేజీలో ఈ అర్థం దగ్గర ఖాళీ వదిలేశాను. ఇక్కడ మాత్రం రాసుకుంటాను. రాస్తేనే నా తప్పేమీ లేదని తేలుతుంది.

ఆ గురువారం ఎడమ కంటికి ఆపరేషను. చిన్నదే. సాయంత్రం నాలుగింటికి వదిలేస్తాం, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళాలి అన్నారు. నేను మూడూ ముప్పావుకే వెళ్ళాను. పదిహేను నిమిషాలు ముందే! ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ముందు వసారాలో నాలుగు స్తంభాలున్నాయి, లావుగా, మనిషిని దాచేంత. మూడోదాని వెనక నిలబడ్డాను. మరకల మామ ఫోను అడిగి తెచ్చుకున్నాను, నా నంబరు కనబడకూడదని.

ఆవిడ నాలుగింటికి బయటికి వచ్చింది. కంటికి కట్టు, చేతిలో మందుల సంచి. బెంచీ మీద కూర్చుంది. రెండో కంటికి అద్దాలు లేకపోతే ఏమీ కనబడదు. ఆ అద్దాలు నా చొక్కా జేబులో ఉన్నాయి. పొద్దున లోపలికి తీసుకెళ్ళే ముందు నాకే ఇచ్చింది.

ఫోన్ చేశాను. ముక్కుతో మాట్లాడాను. "అమ్మా, మీ ఆయనకు అర్జెంటు పని పడిందండి. రావడానికి మూడు రోజులు పడుతుందట. అక్కడే కూర్చోమన్నారు."

తిడుతుందనుకున్నాను. "చాల్లెండి మీ వేషాలు, ఎక్కడున్నారు?" అంటుందనుకున్నాను. ఎప్పుడూ అంతే అంటుంది. ఇరవై రెండేళ్ళలో ఎన్ని గొంతులతో చేశానో. కరెంటు ఆఫీసువాడిలా, ఇల్లు అద్దెకు కావాలన్న ముసలమ్మలా. ఒక్కసారీ మోసపోలేదు.

ఆ రోజు "అలాగేనండీ" అంది. "ఆయన బాగానే ఉన్నారు కదా?" అంది.

అక్కడే దూకి బయటపడాల్సింది. దూకలేదు. ఇంకాస్త ఆగితే ఇంకాస్త బాగుంటుందనిపించింది. ఆవిడ పక్కకు చెయ్యి చాపి నీళ్ళసీసా కోసం బెంచీ అంతా తడుముకుంది. సీసా అటువైపు ఉంది. తర్వాత ఊరికే కూర్చుంది. అలా నలభై నిమిషాలు. ఎప్పుడు దూకాలో నాకు తెలియలేదు. దూకే సమయం దాటిపోతే ఇక స్తంభం వెనక ఉండటమే పనైపోతుంది. ఇది అనుభవం ఉన్నవాడికే తెలుస్తుంది.

చివరికి వాళ్ళ అక్కకి ఫోన్ చేసుకుంది. వదిన వచ్చింది. కాపలావాడు నన్ను వేలు పెట్టి చూపించి, "ఈయన ఇందాకటి నుంచి ఇక్కడే ఉండి నవ్వుకుంటున్నారమ్మా," అన్నాడు. నవ్వింది మొదటి పది నిమిషాలే. అంత వివరంగా చెప్పే ఓపిక వాడికెక్కడిది?

మా ఆవిడ ఒక్క మాటే అంది. "నా కళ్ళజోడు ఇవ్వండి."

ఇచ్చాను.

12, మంగళవారం

ఫోన్ చేశాను. ఎత్తలేదు.

13, బుధవారం

ఆడపిల్లను మాటలతో బుట్టలో వేసుకోవడం కూడా పికప్ అని ఇస్త్రీ మాస్టారు ఎక్కడో విని వచ్చాడు. టీచరమ్మను అడిగితే అవునంది. "దానికి కూడా నిజంగా జరిగిన వాక్యమే రాయాలా?" అని మాస్టారు నా తరఫున దిగులుపడ్డాడు.

రాశాను. మా ఆవిడను పెళ్ళికి ముందు బస్సులో అలాగే పికప్ చేశాను. కండక్టరు గొంతుతో "టికెట్" అన్నాను వెనక నుంచి. టికెట్టు కోసం సంచంతా వెతికింది, తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూసి పగలబడి నవ్వింది. బస్సంతా తిరిగి చూసింది.

టీచరమ్మ ఈ వాక్యం చదివి "బాగుంది" అంది. మడతల అక్క చదివి, "ఆ తల్లికి అప్పుడే కన్ను ఆపరేషను చేయించాల్సింది," అంది.

14, గురువారం

ఇవాళ అందరూ ఒక్కో వాక్యం లేచి చదవాలి. నాకు ఫోను ఎత్తడం అనే అర్థం వచ్చింది. నిలబడి చదివాను. నేను నా భార్యకు పదకొండు సార్లు ఫోన్ చేశాను, ఆమె పికప్ చేయలేదు.

ఇంగ్లీషులో తప్పులున్నాయి. ఎవరూ దిద్దలేదు. మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ఎవరి పెళ్ళికెళ్ళినా ఏడుస్తాడు, అది లెక్కలోకి రాదు. కానీ మరకల మామ కూడా నా భుజం తట్టాడు.

"పదకొండు సార్లా?" అంది మడతల అక్క.

"పదకొండు."

"ఈ మొహమేనా చేసింది?"

"ఊరుకో అక్కా," అన్నాడు మామ. "మనిషి లోపల కుమిలిపోతున్నాడు. ఎంత తప్పు చేసినా పదకొండు సార్లంటే... రాయి కూడా కరగాలి."

టీచరమ్మ నా నోటుబుక్కు మీద నక్షత్రం వేసింది. నలభై తొమ్మిదేళ్ళకు మొదటి నక్షత్రం.

16, శనివారం

కొంప మునిగింది.

వదిన భర్త, అంటే నా తోడల్లుడు, లాయరు. ఆయన నల్లకోటు వారానికోసారి మా దగ్గరికే వస్తుంది. నిన్న వచ్చింది, సాయంత్రానికి తిరిగి వెళ్ళింది. ఇవాళ మాస్టారు నన్ను పక్కకు పిలిచి, బిడ్డ పుట్టినంత సంతోషంతో చెప్పాడు.

"నువ్విక దిగులు పడకు తమ్ముడూ. మేమంతా కలిసి మీ ఆవిడకు ఒక చీటీ రాశాం. అక్కే రాసింది, ఆమె రాత బాగుంటుంది. కోటు లోపలి జేబులో పెట్టాం."

"ఏం రాశారు?"

"అమ్మా, అతను కోతే గానీ మనసున్నవాడు, పదకొండు సార్లు ఫోన్ చేశాడు, పన్నెండోసారి చేస్తే ఎత్తమ్మా అని. నలుగురం సంతకాలు పెట్టాం. మామ వేలిముద్ర కూడా వేశాడు, బరువుగా ఉంటుందని."

"నన్నడగకుండా..."

"నీ దగ్గర నేర్చుకున్నదే కదయ్యా! జేబులో చీటీ పెట్టడం ఈ లాండ్రీలో ఎవరు మొదలుపెట్టారు?"

నిజమే. ఎవరూ నేర్పలేదు, పికప్ చేశారు.

17, ఆదివారం

కంగారు పడాల్సిందేమీ లేదు. లైన్లు పనిచేయకపోవచ్చు. కంపెనీల లోపాలు ఎన్ని వినడం లేదు? వాళ్ళ అక్క ఇంట్లో సిగ్నలు అసలే తక్కువ.

తువ్వాలు ఉతికాను. రెండుసార్లు.

19, మంగళవారం

శుక్రవారం రావాల్సిన నల్లకోటు ఇవాళే వచ్చింది. ఎక్కడా ఒక్క మరక లేదు, మడత నలగలేదు. మామ తిప్పి తిప్పి చూసి, "దీన్ని ఎందుకు పంపారు?" అన్నాడు.

నా బల్ల మీద పెట్టారు. బయటి జేబులు ఖాళీ. లోపలి జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. మా ఆవిడ రాత. పదకొండేళ్ళుగా ఊరందరి జేబులూ తిరగేస్తున్నాను. నా పేరున వచ్చింది ఇదే మొదటిది.

రెండు వాక్యాలున్నాయి. రెండోది: శుక్రవారం నాలుగింటికి కంటి పరీక్ష, రావాలనుంటే రండి. మొదటిది ఇక్కడ రాయను.

అందరూ చుట్టూ మూగారు. "ఏమందిరా? కరిగిందా?"

"కరిగింది," అన్నాను.

మాస్టారు మళ్ళీ ఏడ్చాడు.

21, గురువారం

పరీక్ష అయింది. పికప్‌కు తొమ్మిది అర్థాలు అప్పగించాను. ఆపినచోటి నుంచి మళ్ళీ అందుకోవడం అని ఒకటుంది, అది నాకు దొరకలేదు, టీచరమ్మే చెప్పింది. వాక్యం అడగలేదు.

కౌంటరుకు నన్నే ఎంపిక చేశారు. "మిగతా అందరూ డిక్షనరీలా చెప్పారు," అని యజమానితో అంది టీచరమ్మ. "ఈయన ఫోను గురించి చెప్పింది వింటే ఎవరికైనా నిజమని తెలుస్తుంది."

నక్షత్రం ఉన్న నోటుబుక్కును సంచిలో అడుక్కి తోసేశాను.

22, శుక్రవారం

మూడున్నరకే వెళ్ళాను. స్తంభానికి ముందు నిలబడ్డాను. కాపలావాడు గుర్తుపట్టి, "ఇవాళ ఇటువైపా?" అన్నాడు. వెధవకు నా మీద మొదటి నుంచీ కక్షే.

లోపలి నుంచి అక్కాచెల్లెళ్ళిద్దరూ వచ్చారు. కట్టు లేదు. నల్ల అద్దాలు పెట్టుకుంది. నేను కనబడగానే వదిన నన్ను పైనుంచి కిందకి చూసి, "మందులు తీసుకుని వస్తానే," అని కావాలనే పక్కకు వెళ్ళిపోయింది. అంత మర్యాద ఆవిడకూ ఉంటుందనుకోలేదు.

"బాగా కనబడుతోందా?" అన్నాను.

"ఇప్పుడు బాగానే కనబడుతోంది." ఫోను చేతిలో పట్టుకుంది. "పదకొండు సార్లు చేశారటగా."

"ఆ."

"వేలిముద్ర కూడా వేశారు పాపం ఎవరో. చూడండి." ఫోను నా ముందుకు చాపింది. వచ్చిన ఫోన్ల పట్టీ అంతా వేలితో పైకి జరుపుతూ పోయింది. వాళ్ళ అక్క, వాళ్ళ బావ, ఆసుపత్రి, మళ్ళీ అక్క. "ఎక్కడున్నారు మీరు?"

"నీ పాత నంబరుకి చేశాను కాబోలు."

"నాకు పాత నంబరు లేదండీ. పద్నాలుగేళ్ళుగా ఇదే."

"లైన్లు..."

"మరకల మామగారి ఫోనేనట, అక్క కనుక్కుంది, దాన్నుంచి వచ్చిందే ఒకటుంది. ఇదిగో. ఆ గురువారం, నాలుగూ అయిదు. అది మాత్రం బాగానే వచ్చింది."

నోరు తెరిచాను. కరెంటు ఆఫీసువాడు రాలేదు, ముసలమ్మ రాలేదు. ఏ గొంతూ రాలేదు.

"ఆ రోజు నేను మిమ్మల్ని గుర్తుపట్టలేదు," అంది. "భయంలో ఉన్నాను. మీకేదో అయిందనుకున్నాను. నా కన్ను సంగతి కూడా మర్చిపోయాను. అక్కని పిలిచింది నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి అనుకుంటున్నారేమో. మిమ్మల్ని వెతకడానికి."

వదిన తిరిగి వస్తోంది.

"తప్పయింది," అన్నాను. మామూలు గొంతుతో. ఎంత బొంగురుగా ఉందో.

ఆవిడ ఫోను సంచిలో పెట్టేసుకుంది. "ఒక్కసారి చేసుంటే ఎత్తేదాన్నండీ," అంది. "మొదటిరోజే ఎత్తేదాన్ని. పక్కనే పెట్టుకుని కూర్చున్నాను."

తర్వాత వదినతో వెళ్ళిపోయింది. ఇంటికి రాలేదు. వెళ్తూ, "రేపు పదింటికి ఖాళీగా ఉంటాను," అంది. అంతే.

దారిలో లాండ్రీకి వెళ్ళి, కౌంటరు వద్దని చెప్పాను. జేబుల బల్లే చాలన్నాను. ఎందుకని యజమాని అడిగాడు. ఏసీ పడదన్నాను.

చీటీలో మొదటి వాక్యం: "నా ఫోను ఒక్కసారి కూడా మోగలేదు."

ఈ పుస్తకం ఎవరూ చదవరు. అయినా ఇందులోనూ అదే రాస్తూ వచ్చాను. బుధవారం చేశాను, గురువారం చేశాను, శనివారం రెండుసార్లు చేశాను అని. ఒక్కసారీ చేయలేదు. ప్రతిసారీ నంబరు తీసి చూసుకుని, లోపల పెట్టేసి, ఇక్కడికొచ్చి "ఎత్తలేదు" అని రాసుకున్నాను. పదకొండు అన్న లెక్క కూడా క్లాసులో నిలబడ్డాక నోటికొచ్చిందే.

నా భయం ఎత్తదని కాదు. ఎత్తుతుందని.